నాలుగో నంబరు ప్యాంటు

పిట్స్‌బర్గ్‌లో, స్టేడియం కడుపులో,
మూడు నదుల చెమ్మ గోడల కెక్కే గదిలో
పంతొమ్మిదేళ్లుగా ఆటగాళ్ల బట్టలు ఉతుకుతున్నాను.
పైన ఎవరు గెలిచారో నన్నడగొద్దు.
ఎవరు ఎలా పడ్డారో అడగండి, చెబుతాను.

జారిపడ్డవాడి మరక సాగుతుంది, తోకచుక్కలా.
గుద్దించుకున్నవాడిది తొడ మీద అరచేతంత పచ్చదనం.
బంతిని నేల మీద నిలిపి పట్టే రోరీ హాల్వర్సన్
ఆటకి ఆరుసార్లైనా మోకాలు ఆనిస్తాడు,
వాడి కుడి మోకాలు ఎప్పుడూ మట్టే.
అది పని.
దాన్ని చూసి ఎవరూ ఈల వేయలేదు.

ఆ బంతిని తన్నేవాడు ఎజ్రా పెటిఫోర్డ్, నాలుగో నంబరు.
తన్నేవాడు పడడు.
మూడేళ్లు వాడి ప్యాంటు వెళ్లినంత తెల్లగా తిరిగొచ్చేది,
ఉతకడం నామోషీ అనిపించేంత.
సెప్టెంబరు రెండో ఆదివారం రాత్రి
ఎడమ మోకాలి మీద ఒక్క మరక.
గుండ్రంగా, పావలా కాసంత.
సాగలేదు, చెదరలేదు.
కదలకుండా ఉన్నవాడి మరక.

"జాతీయగీతం మొదలు నుంచి చివరిదాకా" అన్నాడు స్టాన్ వోయ్‌చిక్,
పక్క మిషన్ దగ్గర తువ్వాళ్లు లెక్కపెడుతూ.
"అంత జీతం తీసుకుని
రెండు నిమిషాలు నిలబడలేడా?"
స్టాన్ నౌకాదళంలో ఆరేళ్లు చేశాడు.
నడుం నొప్పి అక్కడిదే. ఆ నడుంతోనే నిలబడతాడు.
నేను ఏమీ అనలేదు.
హోమ్‌వుడ్‌లో పోలీసులు కారు ఆపి
ఎజ్రా తమ్ముణ్ణి రోడ్డు మీద ఎంతసేపు మోకాళ్ల మీద ఉంచారో
నాకు తెలుసు. ఆ వీధి చివరే మా ఇల్లు.
కర్టెన్ పట్టుకుని చూశాను.
బయటికి రాలేదు.

పాట మాకు పైపుల్లోంచి దిగుతుంది,
మాటలు ఆవిరిలో తడిసి, డోలు మాత్రం పొడిగా.
స్టాన్ నిలబడతాడు. నేనూ నిలబడతాను,
తడి చెయ్యి గుండె మీద వేసి.
కెమెరా ఇంత లోతుకి రాదు.
మిషన్లు తిరుగుతూనే ఉంటాయి, వాటినెవరూ తప్పుపట్టరు.

నేను నిలబడేది లూథర్ కోసం.
ఇరాక్ నుంచి పెట్టెలో వచ్చాడు మా తమ్ముడు.
తెల్ల గ్లౌజుల కుర్రాళ్లు జెండాని పదమూడు మడతలు పెట్టి
నా ఒళ్లో ఉంచారు.
చివరి మడత కొంచెం వంకర.
బట్టలు మడతపెట్టి బతికేదాన్ని, కంట పడింది.
సరిచేద్దామని చేతులు లాగాయి. ఊరుకున్నాను.
ఇప్పటికీ అలాగే ఉంది, అద్దం వెనక.

ఎజ్రా మోకాలు ఆనించిన రాత్రి
ఇంటికెళ్లి లైటు వేసి చూశాను, పిచ్చిదాన్లా,
దానికేమైనా అయిందేమోనని.
వంకర వంకరగానే ఉంది.
లూథర్ ఉంటే ఏమనేవాడో.
స్టాన్ పక్షమే మాట్లాడేవాడేమో,
చిన్నప్పట్నుంచీ చెప్పినమాట వినే పిల్లాడు.
పోయినవాడి నోట నాకు నచ్చిన మాట పెట్టలేను.

పాట అయ్యాక చూసుకుంటే
నా చొక్కా మీద తడి చెయ్యి గుర్తు, ఐదు వేళ్లూ.
ఆట సగానికి వచ్చేసరికి ఆరిపోతుంది.
వాడిది అలా పోయేది కాదు.
మూడు నీళ్లు కావాలి, గట్టి బ్రష్షు కావాలి,
వారం వారం, అదే చోట,
బట్ట పలచబడేదాకా.

డిసెంబరులో ముప్పై ఎనిమిది గజాల నుంచి ఒకటి తప్పింది.
నది మీంచి గాలి, ఆ రోజు జెండాలే నిలవలేదు.
మంగళవారానికి లాకరు ఖాళీ.
గోలు తప్పాడు గనక, అన్నారు.
వాడికి ముందున్నవాడు ఒకే ఏడాది ఏడు తప్పి కూడా
కాంట్రాక్టు పూర్తి చేసుకునే వెళ్లాడు.
ఆ లెక్క చెప్పింది స్టానే,
తువ్వాళ్లు లెక్కపెడుతూ, నా వైపు చూడకుండా.

కొత్తవాడి ప్యాంటు తెల్లగా దిగుతోంది.
"సబ్బు కలిసొచ్చింది" అన్నాడు స్టాన్.
నేను నవ్వలేదు.
అతనూ నవ్వలేదు.