ఐదో ప్రతి

ఎవ్‌గ్రాఫ్ లుకిచ్ నవలను నేను రాయలేదు,
కొట్టాను.
అక్షరానికో దెబ్బ,
నాలుగు వందల పన్నెండు పేజీలు,
రెండు చలికాలాలు.

కోత్లాస్ రేవులో ఆయన రాత్రి కాపలా.
ద్వీనా గడ్డకట్టాక
మంచులో ఇరుక్కున్న పడవల్ని ఎవడెత్తుకుపోతాడు?
అందుకే ఆ ఉద్యోగం అడిగి తీసుకున్నాడట.
కలప లెక్కల కాగితాల వెనక పెన్సిలుతో రాసేవాడు,
సిరా ఆ గదిలో బుడ్డిలోనే రాయైపోయేది మరి.
ఒక వైపు పైన్ దుంగలు, ఘనపు మీటర్లు, తరుగు.
రెండో వైపు పడవలో వంటచేసే ఫెవ్రోన్యా
మొగుడి ఆచూకీ కోసం రేవు రేవునా దిగడం.
కాగితం పలచన.
ఈవైపు తరుగు ఆవైపు వాక్యంలోకి తేలేది.
ఒకసారి పొరపాటున అదీ కొట్టేశాను.
చూసి, "ఉండనీ" అన్నాడు.

నా మిషనులో 'ఫ' లేదు.
దాని చువ్వ విరిగి ఏళ్లయింది.
మా భాషలో దానికి పెద్ద పనుండదు లెండి,
పరాయి దేశాల నుంచి దిగిన మాటల్లో తప్ప.
ఆయన పేరులో ఉందనుకోండి,
మొదటి పేజీలో ఎలాగూ పేరు వేయలేదు.
ఖాళీ వదిలి, కాగితం తీశాక
అయిదు ప్రతుల్లోనూ కలంతో నింపేదాన్ని.

చేతిరాతంటే వేలిముద్రే.
నలభయ్యో పేజీ దగ్గర ఆయనకది తట్టింది.
మర్నాడు బూట్ల మంచు దులపకుండానే వచ్చి,
"ఆవిడ పేరు ఇక మావ్రా" అన్నాడు.
"ఏం?"
"పాత పేరు ఆవిడకి నచ్చలేదట."
ఫిబ్రవరి అని రావలసిన చోటల్లా
'చలికాలం చివర' అయింది.
నేనింకేం అడగలేదు. టీ పోశాను.

"ఏమిటమ్మా కపితోలీనా, రాత్రంతా ఆ టకటక?"
పక్కగది జినాయిదా.
"థీసిస్. దుంగల్లో తేమ శాతం."
"ఇంకా ఆరలేదూ?" అనేది.
మెట్ల మీద కొత్త అడుగులు వినపడితే మాత్రం
గరిటెతో గోడమీద రెండు దెబ్బలు.

నాలుగు ప్రతులు ఎటో వెళ్లాయి.
కార్బన్ అడుగున పడ్డ అయిదోది నా కూలి,
దాంతోపాటు ఒక జాడీ ఉప్పు పుట్టగొడుగులు.

ఏప్రిల్ ఆఖర్న, కాపలా గదిలోనే పోయాడు.
డ్యూటీ పుస్తకంలో చివరి మాట:
"మూడూ నలభై. నది కదిలింది."
ఆయన రాసినవాటిలో
అధికారులు ముద్ర కొట్టి ఒప్పుకున్నది అదొక్కటే.

ఇరవై ఏళ్లకి పుస్తకం అచ్చయింది, గట్టి అట్టతో.
లైబ్రరీలో ఒక కుర్ర పండితుడు చెప్పాడు:
నలభయ్యో పేజీలో పేరు మారడం
వ్యక్తిత్వ విచ్ఛిత్తికి సంకేతమట.
ఈ నవలలో ఫిబ్రవరి లేకపోవడం
చరిత్ర మీద ధిక్కారమట.
వెనక వరసలో కోటు ఒళ్లో పెట్టుకుని విన్నాను.
చెయ్యెత్తుదామనుకున్నాను.
బాగా చెబుతున్నాడు, పాపం.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీశాను.
అయిదో ప్రతి ఎప్పుడూ మసకే,
ఇప్పుడు నా కళ్లూ అంతే.
వరసలన్నీ పొగమంచులో ఒడ్డులా ఉన్నాయి.
సిరాతో దిద్దినవి మాత్రం నిలబడ్డాయి.
మా లిపిలో ఆ అక్షరం
నడుం మీద రెండు చేతులూ పెట్టుకున్న ఆడమనిషిలా ఉంటుంది.
నలభై పేజీల పొడుగునా ఆమే,
ఒక్కో రేవులో,
ఎవరైనా జవాబు చెబుతారేమోనని.