బోర్లేసిన బండ

ఆదివారం పొద్దుగాల బేగంపేటల రైలెక్కినం.
నేను, నా బిడ్డ సుజన, ఒక సుత్తె, రెండు ఉలులు,
నాలుగు జొన్నరొట్టెలు, పాత పేపర్ల కట్ట.
సుత్తె నాది. పేపర్లు ఆమెవి:
దొరికినదాన్ని పసిపిల్లలెక్క చుట్టాల్నట.

ముప్పై ఒక్క ఏండ్లు ఈ పట్నంల తాండూరు బండలు పరిచిన.
నల్లకుంట, బోరబండ, బర్కత్‌పుర,
ఎంతమంది పాదాల కింద నా చేతులున్నయో
లెక్కవెట్టలే.
బండ పుట్టిన తావు మాత్రం చూడలే ఎన్నడూ.
లారీల వచ్చేది, దించుకునేది, గంతే.

గని అంటే గుంత అనుకున్న.
మెట్లు మెట్లుగ కిందికి దిగిన ఎండ అది.
అడుగున పచ్చటి నీళ్లు.
మేస్త్రీ బస్వరాజ్ నవ్విండు:
"రాళ్లకొచ్చేటోళ్లను జూసిన గని
రాళ్లల్ల ఎవలున్నరని అడిగేటోళ్లు మీరే."

ఈడ సముద్రముండె అన్నది సుజన.
చేపలకు ముందు. చెట్లకు ముందు.
"బొక్కలు దొరకవు నాయినా,
అప్పటికింకా ఎవ్వలికీ బొక్కల్లేవు."

పొరకూ పొరకూ నడుమ ఉలి వెట్టి మెల్లగ కొట్టిన.
పెనం మీది పుల్కలెక్క రెండు పొరలై లేచింది.
లోపల మొక్క!
నల్లటి కొమ్మ, కొమ్మకు రెమ్మ, సన్నటి ఆకులు.
దొరికిందని అరిచిన. బస్వరాజ్ ఉరికొచ్చిండు.
బిడ్డ భూతద్దం వెట్టి చూసి తల అడ్డంగ ఊపింది:
"పగుళ్లల్లకు నీళ్లు దిగి గీసిన ముగ్గు ఇది.
బతికింది గాదు."
సిగ్గయింది.
అయినా ఎంత బతికినట్టుండె!

పగటాల రొట్టె తుంచుతుంటె
ఆమె గీరుతున్న పలక మీద చుక్కలు.
ఆవగింజంతయి, కొన్ని పెసరగింజంతయి,
గుండ్రంగ, నల్లగ, అణిగిపోయి.
"ఇవి," అన్నది గొంతు తగ్గించి,
"ఇవి బతికినయి కావచ్చు. సార్లకు చూపియ్యాలె."

రొట్టె కింద వెట్టిన.
అసొంటి చుక్కలు నాకు ఎరుకే.

బర్కత్‌పురల కామేశ్వరరావు గారిల్లు.
హాలుకు దించిన బండలల్ల ఏడెనిమిదిటికి ఉండె.
మచ్చల రాళ్లు, మార్చమన్నడు.
మారిస్తె నా కూలి పోతది.
యాసిడ్ పోసి రుద్దిన. పోలే.
రాత్రి ఆయన పన్నంక
మచ్చలు కిందికి చేసి బోర్లేసిన.
తెల్లారి చూసి "భేష్" అన్నడు.

చెప్పాల్నా వద్దా అని వికారాబాద్ దాక ఆలోచించిన.
లింగంపల్లిల చెప్పిన.
తిడుతదనుకున్న.
కిటికీలకెళ్లి చూసుకుంట
"ఆ ఇల్లింకా ఉన్నదా?" అన్నది.

ఏమో. అపార్ట్‌మెంట్ లేసిందేమో.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్న.
మా హాల్లయి కూడా అప్పట్ల మిగిలిన ముక్కలే.
ఏది ఏ దిక్కు పైకేసిన్నో యాదికి లేదు.
కూసొని, పనికాడ చేసినట్టే,
వేలి కణుపుతోని కొట్టి చూసిన.

వంటింట్లకెళ్లి అనసూయ కేకేసింది:
"ఎవలొచ్చిండ్రు?"