మీటరు ఆగిన చోట

నాలుగు లక్షల పన్నెండు వేల దగ్గర
పికప్ మీటరు అంకెలు నిద్రపోయాయి.
అప్పటినుంచీ కవెటో
దూరాన్ని ఆయిలు మార్పులతో కొలుస్తున్నాడు,
డ్రైవరు తలుపు లోపలి రేకు మీద
మేకుతో ఒక్కో గీత.

ఒపువో దారి దుమ్ము
ఫిల్టరులో గుప్పెడు.
టైరుకేసి కొట్టి దులుపుతాడు.
డిప్‌స్టిక్ చివరి బొట్టును వేళ్ళ మధ్య రుద్ది
వాసన చూస్తాడు,
ఆనపకాయ బుర్రలో పాలు పులిశాయో లేదో
వాళ్ళమ్మ చూసినట్టు.

పొద్దున్న స్టార్ట్ చేశాక
కాసేపు కదలనివ్వడు.
"లేస్తూనే నువ్వు పరిగెత్తుతావా?"
తొందరపడే తమ్ముడికి చీవాట్లు.

నిన్న బేరానికొచ్చిన పశువుల వ్యాపారి
ఎంత తిరిగిందన్నాడు.
కవెటో తలుపు తీసి చూపించాడు.
అతను నలభై దగ్గర లెక్క తప్పి
మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈలోగా కవెటో, చేతిలో మేకు,
రేకు మీద ఖాళీ వెతుకుతున్నాడు.