ఎముక లేని చోట

పుత్తూరులో పొద్దున ఆరుకే
మా రేకుల షెడ్డు ముందు విరిగిన మనుషులు వరస కడతారు.
కోడిగుడ్ల తెల్లసొన, నూరిన ఆకు, వెదురు దబ్బలు,
పాత పంచెలు చింపిన పీలికలు.
మా తాత చెంగయ్య ఆస్తి ఇంతే,
పది వేళ్ళు కాక.

ఆదివారం తిరుపతి బస్సు దిగి
పశువైద్యం మూడో ఏడాది పుస్తకాల సంచీ కింద పెట్టకముందే
ఫోనులో ఫోటో చూపించినాను.
నీలిరంగు పూసిన తొట్టి.
అందులో నల్లగా తెల్లగా ఒక ఓర్కా తిమింగలం.
వీపు మీద ఆరడుగుల రెక్క
వాడిన అరిటాకు మాదిరి ఎడమకి వాలిపోయి.

"ఇరిగి ఎన్నాళ్ళయింది?" అన్నాడు తాత.
రెండు వేళ్ళు తెర మీద ఆనించి విరుపు కోసం వెతికినాడు.
రెక్క పెద్దదయింది, పక్కకి జారింది,
మళ్ళీ పట్టుకున్నాడు,
బెదిరిన దూడ కాలు పట్టుకున్నట్టు.

"దాంట్లో ఎముక లేదు తాతా.
మన చెవిలో ఉండే మెత్తెముక కూడా కాదు, ఒట్టి పీచు."

తాత తన చెవి మడిచినాడు.
వదిలితే లేచింది.
"మరి దానికేమొచ్చె?"

"సముద్రంలో అయితే లోతుకి దిగతాది,
రెండు పక్కలా నీళ్ళు అదిమి నిలబెడతాయి.
తొట్లో లోతు లేదు. పొద్దంతా పైనే తేలతా
ఒకే పక్కకి గుండ్రంగా తిరగతా ఉంటాది.
ఎండ. ఐసులో పెట్టిన చచ్చిన చేపలు.
ఇందువల్లే అని ఎవురూ గట్టిగా చెప్పలేదు.
సముద్రంలోనూ వల కోసో పడవ తగిలో
ఒకటీ అరా వాలతాయంట.
తొట్లో పెరిగిన మగవాటికి మాత్రం, దాదాపు అన్నిటికీ."

వరసలో ముందున్న కార్వేటినగరం దొరస్వామి,
మూటలు మోసే మనిషి,
వాచిన ముంజేయి చాపినట్టే చాపుకొని విన్నాడు.
"ఒకే పక్కకా?" అన్నాడు.

తాత ఆకుపసరు కలిపేది ఆపినాడు.
తన చిన్నప్పుడు నారాయణవనం దారిలో
శెనగనూనె గానుగ ఉండేదంట.
పన్నెండేండ్లు ఒకే ఎద్దు, ఒకే గుండ్రం, కండ్లకి గంతలు.
మూపురం రోకలి వైపు ఒరిగిపోయిందంట.
"మూపురంలో మాత్రం ఎముకుంటాదా?
మా నాయన తడిమి తడిమి చూసి, కట్టు యాడేసేదిరా అన్నాడు.
గానుగ మూసినాక దాన్ని చేలో వదిలినారు.
మేసింది, బలిసింది. మూపురం లేవలా.
అంత చేను ఉండాదా,
అయినా గుండ్రంగానే మేసేది."

షెడ్డులో ఎవురూ మాట్లాడలేదు.
పసిపిల్ల ఒకతి మాత్రం
విరిగిన చేత్తోనే బిస్కెట్టు అడగతా ఉంది.

కాసేపటికి తాత అన్నాడు,
నాతో కాదు, దొరస్వామి ముంజేయితో:
"ఇరిగినాక మనం కట్టు కడతాము.
దానికి పుట్టినప్పుడే కట్టుండాది, నీళ్ళతో.
ఎవురో ఇప్పేసినారు."

దబ్బలు ఆనించి పీలిక చుట్టినాడు.
మూడు చుట్లయినాక ఏమనుకున్నాడో
నిలిచి, చేయి మార్చి, రెండో పక్క నించి చుట్టినాడు.
దొరస్వామి అబ్బా అన్నాడు.

సాయంత్రం బస్సులో ఫోను తీస్తే
తెర మీద తెల్లసొన ఎండిపోయి ఉంది,
ఆకు పచ్చగా అంటుకొని,
సరిగ్గా రెక్క వాలిన చోట.
వడమాలపేట టోల్‌గేటు దాటినా తుడవలేదు.
తర్వాత అమ్మ ఫోను చేసింది.
అట్లే చెవికి ఆనించుకున్నాను.