బూడిదరంగు లేని నగరం

మూడేళ్ళు నేను వాన గీశాను.
అంగులేమ్‌లో, షరాంత్ నది ఒడ్డున,
ఒకప్పుడు కాగితం చేసిన మిల్లు రెండో అంతస్తులో
గడియ పడని కిటికీ పక్కన.
జీతం చీటీలో వేరే ఏదో రాసేవాళ్ళు గానీ
నా పని వాన.

దర్శకుడు గార్రిగ్ మొదటిరోజే చెప్పాడు:
నలుపు. తెలుపు. అంతే.
బూడిదరంగు పిరికివాళ్ళ రంగు.
గోడమీద సిరాతో రాసి కూడా పెట్టాడు.
ఆరేలోగా అది కారి
చివరి అక్షరం బూడిదరంగులోనే ఎండింది.
ఎవరూ ఏమీ అనలేదు.

మా కథలో సంవత్సరం రెండువేల తొంభై ఒకటి.
జ్ఞాపకాలు తాకట్టు పట్టుకునే కొట్ల నగరం.
ఒక డిటెక్టివ్, వాడికంటే పొడుగైన వాడి కోటు,
కనిపించకుండా పోయిన అమ్మాయి,
గాజు వంతెన.
ఆ వంతెన కింది నీడ ఒక్కటే
ఒదీల్ పదకొండు వారాలు గీసింది.
కళ్ళు మండితే కీరా ముక్కలు పెట్టుకుని
బల్ల కింద పడుకునేది.
అబద్ధమెందుకు, అంత నలుపు
నేను కళ్ళు మూసుకున్నా చూడలేదు.

కథ రాసిన లెస్క్యూర్
కోటు మీద రొట్టె పొడి రాల్చుకుంటూ
వారానికోసారి వచ్చి ఒకటే అడిగేవాడు:
చెల్లెల్ని అన్న ఎందుకు పట్టించాడో
ఎక్కడ చెబుతున్నాం?
వంటింట్లో, అనేవాళ్ళం.

వంటింటి సీను నలభై సెకన్లు.
వాన లేదు. నియాన్ లేదు.
అన్న బంగాళాదుంప తొక్క తీస్తుంటాడు.
అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తుందా, అంటుంది చెల్లెలు,
నాకైతే ఇప్పుడే విన్నట్టుంటుంది.
అతను ఆ గొంతుని పోయిన చలికాలం
గది అద్దె కింద తాకట్టు పెట్టేశాడు.
ఇంక అది ఉన్నది ఆమె తలలోనే.
కత్తి ఆగుతుంది.
తొక్క తెగిపడదు, వేలాడుతుంది.

ఫ్రేములో ప్రాణం లేదన్నాడు గార్రిగ్.
నిజమే, ట్యూబులైటు కింద ఆ ముఖం
నల్లగానూ పడలేదు, తెల్లగానూ పడలేదు.
ఎంత సాగదీసినా మధ్యలోనే నిలబడింది.
తీసేసి, ఆ నలభై సెకన్లూ
వాన పెట్టమన్నారు.

పెట్టాను.
చినుకు చినుకులోనూ తలకిందులుగా వంతెన.
నా బతుకులో గీసిన మంచి వాన అదే.
మసి పూసి మారేడుకాయ చేశారంటారే,
ఆ మసి నా చేతిది.
లెస్క్యూర్ మరి రాలేదు.
అతని కప్పులో కుంచెలు కడుక్కున్నాం.

సినిమా ఆడింది. చప్పట్లు కొట్టారు.
ఏం నీడలు, అన్నారు మెట్ల మీద,
గొడుగులు విప్పుతూ.
కథ మాత్రం కంచికి చేరలేదు,
వానకి ఎక్కడో చూరు కింద ఆగిపోయింది.

హాలు ఊడ్చే సేనీ, కాసమాన్స్ నుంచి వచ్చినవాడు,
చీపురు మీద గడ్డం ఆనించి అడిగాడు:
ఆరుసార్లు చూశాను. ఆ అన్న ఎందుకలా చేశాడు?
వాన చూశావా, అన్నాను సిగ్గులేకుండా.
చూశా. తడిశా కూడా. అందుకే అడుగుతున్నా.

చెప్పాను.
తెర లేకుండా, ఎర్ర సీట్ల మధ్య నిలబడి,
బంగాళాదుంప, కత్తి, తొక్క.
నా గీతల్లో ఒక్కటీ అక్కర్లేకపోయింది.
చీపురు ఆగింది.
బయటికి దారి చూపే చిన్న దీపం కింద
అతని ముఖం నల్లగా లేదు, తెల్లగా లేదు.

ఇది ఉంచాల్సింది, అన్నాడు.
కాసేపాగి, అయినా, అన్నాడు,
ఆరుసార్లు నేను కూర్చున్నది ఆ వంతెన కోసమే.

తర్వాత తలుపు తాళం వేస్తూ అడిగాడు:
ఇంతకీ ఆ అమ్మ గొంతు ఎలా ఉంటుంది?
మూడేళ్ళలో
ఆ మాట మేమెవరం అనుకోనేలేదు.
వీధిలో తుంపర పడుతోంది,
గీతలు లేకుండా.