మూడో మడి

కనిగిరి దగ్గర మా బడికి
తాగే నీళ్ళు క్యాన్లలో వస్తాయి.
మొక్కలకు మాత్రం
కంచాలు కడిగిన నీళ్ళే,
మెతుకులతో సహా.

మూడో మడి మాల్యాద్రిది.
అట్టముక్క మీద పేరు వాడే రాసుకున్నాడు,
దీర్ఘం మర్చిపోయి.
బెండ పూతకొచ్చిన వారమే
మిరప కోతలకని అమ్మానాన్నా
గుంటూరు వైపు లారీ ఎక్కించారు వాణ్ణి.

"వాడి కాయలు కోద్దామా సార్?"
ఖాజాబీ అడిగింది.
వద్దులే, వాడొస్తాడు అన్నాను.
ఎప్పుడో నాకూ తెలీదు.
పులుసులోకి చాలడం లేదని
వంట చేసే యలమందమ్మ
రోజూ ఆ మడి వంక చూసి సణిగేది.

ముదిరిన బెండకాయ అనే మాట
ఇన్నేళ్ళూ వెక్కిరించడానికే వాడాను.

మార్చి ఎండకి కాయలు ఎండి
గాలికి గలగలమన్నాయి,
ఎక్కాల మధ్యలో.

నెలాఖర్న వచ్చాడు.
వేళ్ళకింకా మిరప మంట,
కళ్ళు నలుపుకోవాలంటే మోచెయ్యే.
సంచి కూడా దించకుండా
గట్టున కూర్చుని ఒక కాయ చిట్లించాడు.
గింజలు లెక్కపెట్టాడు.
నలభై దాటాక తడబడ్డాడు.
మళ్ళీ ఒకటి, రెండు...

బెల్లు కొట్టే వేళ దాటిపోయింది.
కొట్టవద్దని
ఖాజాబీకి సైగ చేశాను.