పావు చుట్టు

కట్టమంచి దాటినాక
గుజ్జు ఫ్యాక్టరీ లారీలు మలుపు తిరిగే చోట
మా లేతు షెడ్డు.
జూన్ నెలంతా తోతాపురి వాసనా, కటింగ్ ఆయిల్ వాసనా
ఒకదాన్నొకటి తోసుకుంటా వుంటాయి.

ఎతిరాజులు సారు గుడ్డలో చుట్టి తెచ్చినాడు,
ఊడిన పన్ను జేబులో వేసుకొచ్చినట్టు.
విప్పితే బొటనవేలంత ఉక్కు డై.
దాని నోట్లో తూటా డొల్ల,
ఇత్తడిది, బిగుసుకొని.
అంచు చిరిగిపోయింది.
"సుత్తితో కొట్టినారా?" అని అడిగినా.
ఆయన గోడ మీది క్యాలెండరు చూసినాడు.

ముప్పై నాలుగేండ్లు పోలీసు ఆయుధాల గదిలో ఉద్యోగం.
ఇప్పుడు రైఫిల్ క్లబ్బులో పిల్లకాయల కోసం
కాల్చిన డొల్లల్ని సరిచేసి మళ్ళా నింపుతాడు.
లైసెన్సు కాగితం ప్లాస్టిక్ కవర్లో,
కవరు చొక్కా లోపల.

"నూనె పూయడం మరిచినా,"
దొంగతనం ఒప్పుకున్నట్టు గొంతు తగ్గించినాడు.
"ఒక్క చుక్క, అబ్బోడా. ఒక్క చుక్క."

పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు
విరిగిన చేతిని పట్టుకోకముందే
మనిషిని మాటల్లో పెడతారు.
నేనూ అంతే. "కాఫీ తాగతారా సార్" అంటానే
దవడలకు రాగి రేకులేసి డైని వైసులో బిగించినా.
లోపలి పిన్నును పైకి తీసి పక్కన పెట్టినా,
అది మరిస్తే పిన్నూ పోతుంది, డ్రిల్లు బిట్టూ పోతుంది.
డొల్ల అడుగున, సూది దెబ్బ తిన్న గుంట నడిమధ్య
చిన్న రంధ్రం.
రజను పసుపులాగా గోళ్ళల్లోకి.
తర్వాత ట్యాపు. అర చుట్టు ముందుకి,
పావు చుట్టు వెనక్కి,
ఇత్తడిలో మర పడేదాకా.
పైన పాత బేరింగు రింగొకటి, వాషరు, బోల్టు.

ఇక్కడ బలం చూపించినోడు చెడిపోతాడు.
పావు చుట్టు. ఆగు.
పావు చుట్టు.
కరెంటు పోయింది. ఫ్యాను ఆగినాక
ఆ సందులో వినపడింది, లోపలెక్కడో
టక్ మని.

డొల్ల బోల్టుకు వేలాడతా బయటికొచ్చింది.
ఆయన డైని కంటికి ఆనించి
దాంట్లోంచి రోడ్డు చూసినాడు. గీత పడలేదు.
"క్లబ్బులో చెప్పొద్దు."
సరేనన్నా.
రెండొందలిచ్చి, చిల్లర మరిచి పోయినాడు.

ఇరవై రోజులకు మళ్ళా.
అదే గుడ్డ. అదే డై.
"ఈడ మంచి మేస్త్రి వున్నాడని
ఎవురో చెప్పినారు నాయనా," అన్నాడు,
షెడ్డునంతా కొత్తగా చూస్తా.

చిల్లర యాభై సొరుగులోనే వుంది.
నేనేమి చెప్పను?
"సుత్తితో కొట్టినారా?" అని అడిగినా.
ఆయన క్యాలెండరు చూసినాడు.
దాని మీద ఆకు మాత్రం మారింది.
"నూనె పూయడం మరిచినా," గొంతు అంతే తగ్గించి,
"ఒక్క చుక్క, అబ్బోడా."

రంధ్రం, మర, రింగు, బోల్టు.
ఈసారి టక్ మన్నప్పుడు
నాకు సంతోషం రాలేదు.
గుడ్డలో డైతో పాటు
ఆముదం సీసా ఒకటి చుట్టి ఇచ్చినా.
ఆయన మొహం వెలిగింది. ఎంత మర్యాదస్తుడో.

నూనె మరిస్తే డొల్ల ఇరుక్కుంటుంది,
నా దాకా వస్తుంది.
మందు పోసి, పోయలేదనుకొని
మళ్ళా పోస్తే?
అది ఏ లేతు షెడ్డుకూ రాదు.
తుపాకి భుజానికెత్తి, చెంప ఆనించి,
ఒక కన్ను మూసుకొని ఎవురో బిడ్డ
ఊపిరి బిగబడతా వుంటాది.

రెండు డొల్లలూ మేకుకు తగిలించినా.
లారీ పోతే ఒకదానికొకటి తగిలి మోగతాయి.
సరేనన్న నోరే ఇది. ఎండిపోయింది.
క్లబ్బు నంబరు నొక్కినా, కట్ చేసినా.
చేతులు కడుక్కున్నా. రజను పోలేదు.
మళ్ళా నొక్కినా.

"సార్, కట్టమంచి లేతు షెడ్డు నుంచి..."
అంతకుమించి మాట కదల్లేదు.

"చెప్పండి, ఎవురు?" అంటా వుంది అవతలి గొంతు,
రెండోసారి.